దాళ్వా ఊడ్పులలో చేతుల పగుళ్ళు – ఇంటనే చేసికొనదగిన చికిత్స

కొడవలి కక్కు పోయినచో కమ్మరి కొలిమికి తీసికొనిపోవుదుము. దమ్ముచక్రములకు పట్టిన బురద ఏ పూటకాపూట కడిగించుదుము. స్ప్రేయరు గొట్టము కారినచో వెంటనే వాషరు మార్చుదుము. ఈ పనిముట్లన్నింటిని పట్టి ఆడించు చేయి పగిలి నెత్తురు కారినను మాత్రము "పనిలో ఇది మామూలే" యని వదలివేయుదుము. మన గోదావరి డెల్టాలో డిసెంబరు, జనవరి నెలలలో దాళ్వా ఊడ్పులు సాగునపుడు ఊడ్చు ఆడవారి చేతులు ఎట్లుండునో మీకు నేను వర్ణించి చెప్పనక్కరలేదు. బొటనవ్రేలి కొసన, చూపుడువ్రేలి ప్రక్కన, అరచేతి మడతలలో కత్తితో గీసినట్లు చీలికలు. ఆ చీలికలలో నల్లగా పట్టిన రేగడి. రాత్రి పచ్చడి కలుపుకొని అన్నము ముద్ద చేయుటకు కూడ వీలుకాని మంట.

పైరుకు వచ్చు తెగుళ్ళను గురించి ఈ పుటలలో తరచు చదువుచున్నారు. ఆ పైరును నాటు చేతికి వచ్చు తెగులును గురించి ఇపుడు కొంత తెలిసికొందము. 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై కాలువలకు నీరు పారినది మొదలు ఈ డెల్టా రైతు చేతులు, కాళ్ళు నీటిలోనే గడచుచున్నవి. మార్టేరు పరిశోధనా స్థానము 1982లో విడుదల చేసిన స్వర్ణ మొదలుకొని ఎన్ని వరి రకములు వచ్చినను ఎక్కువభాగము ఈ వ్రేళ్ళ మీదుగనే భూమిలోనికి దిగినవి. ఊడ్పు యంత్రములు, డ్రమ్ సీడరు, వెదజల్లు పద్ధతి వచ్చినవి. వానిని వాడు రైతులు పెరుగుచున్నారు. అయినను చేతి ఊడ్పు పోలేదు.

నీటిలో నుండు చేయి ఎండిపోవుటేమి?

ఈ ప్రశ్న చాలమంది అడుగుదురు. సహేతుకమైన ప్రశ్నయే. మన చర్మపు పైపొర చచ్చిన కణములతో ఏర్పడినది. ఆ కణముల నడుమ సహజమైన జిడ్డు మెత్తినట్లుండి లోపలి చెమ్మను బయటకు పోనీయక కాపాడును. ఒంటిమీద ఇతరచోట్ల నూనె గ్రంథులు ఈ పనికి తోడగును గాని అరచేతులలోను, అరికాళ్ళలోను అవి లేవు. అందుచేతనే పగుళ్ళు మొదట అక్కడ వచ్చును. రోజుకు ఆరేడు గంటలు బురదనీటిలో నానిన చేయి ఉబ్బి, తెల్లబడి, ఉన్న జిడ్డును కోల్పోవును. గట్టెక్కిన తరువాత చలికాలపు పొడిగాలి తగులగనే, నానిన నీటితోబాటు చర్మపు సొంత చెమ్మ కూడ ఎగిరిపోవును. అట్లు బిరుసెక్కిన పొర వ్రేలు వంచినపుడెల్ల వంగలేక చీలును. నీరు తీసిన రేగడి చేను నెరియలు విచ్చుట మీరెరిగినదే. బాగుగా నాని ఉబ్బిన నేలయే ఆరినపుడు అంత లోతుగా విచ్చును. చేయి కూడ అంతే.

సార్వాలో చేతికి కలుగు బాధ వేరు. అపుడు గాలిలో తేమ యుండును గనుక చీలికలు తక్కువ. వ్రేళ్ళ సందులు నాని, తెల్లబడి, ఒరిసిపోయి పుండ్లగుట, గోరుచుట్టు వచ్చుట ఎక్కువ. ఈ రెంటిని వేరుపరచి తెలిసికొనుట అత్యవసరము. ఒరిసిన సందులకు కావలసినది ఆరుదల. కడిగి, పొడిగుడ్డతో తుడిచి, గాలి తగులనీయవలెను. పటికనీరు అక్కడ కొంత పనిచేయును. నూనె పూసినచో తడి లోపలనే నిలిచి పుండు పెరుగును. ఎండి పగిలిన చేతికి కావలసినది జిడ్డు. పటికనీరు అక్కడ మరింత బిగువు తెచ్చి చీలికను పెంచును. ఒకరికి పనిచేసిన మందు మరొకరికి పనిచేయలేదని మన గ్రామములలో వినవచ్చు మాటకు సగము కారణము ఇదియే.

ఇంటిపని ఈ బాధకు తోడగును. ఊడ్చివచ్చిన ఆడమనిషికి అంతటితో పని తీరునా? అంట్లు తోమవలెను, బట్టలు ఉతకవలెను. మన చర్మము స్వల్పముగా ఆమ్లగుణము గలది. బట్టలసబ్బు, సబ్బుపొడి, బూడిద – మూడును క్షారగుణము గలవి. పగలు బురద తీసినది పోగా మిగిలిన జిడ్డును రాత్రి ఇవి తీసివేయును. మగవారి చేతులకు ఎరువులు శత్రువులు. యూరియా, పొటాష్ వట్టిచేతితో చల్లునపుడు ఆ లవణములు చర్మపు చెమ్మను పీల్చును. చీలికలోనికి దిగినచో భగ్గున మండును.

వరిచేలకే ఈ బాధ పరిమితము కాదు. కోనసీమలో నానిన కొబ్బరిడొక్కలు చీల్చి పీచు తీయువారు, లంకలలో పొగాకు ఆకు విరుచువారు, భీమవరము, ఆకివీడు ప్రాంతముల చెరువులకు సున్నము చల్లువారు, మంచునీటిలో రొయ్యలు ఒలుచువారు, కడియము నర్సరీలలో పాలుగారు మొక్కలు కత్తిరించువారు – అందరును దీనిని ఎరుగుదురు. మోరి వంటి ఊళ్ళలో జీడిగింజ కొట్టువారి చేతులకు తగులునది మాత్రము జీడి, అది కాల్చును. దానిని మామూలు పగుళ్ళతో జమకట్టరాదు.

చీలిక చిన్నదైనను దారి పెద్దది

పగుళ్ళు నొప్పి పుట్టించును, పని మందగింపజేయును. ఇంతమాత్రమే యైనచో నేను ఇంత వివరముగా వ్రాయనక్కరలేకపోవును. చేనిగట్టుకు గండిపడినచో లోనికి వచ్చు నీరు మంచిదో చెడ్డదో గట్టుకు తెలియదు. చర్మమునకు గండిపడినపుడును అంతే.

మొదటిది ఎలుకజ్వరము. ఎలుకల మూత్రముతో వచ్చు సూక్ష్మజీవులు చేలో నిలిచిన నీటిలోను, బురదలోను బ్రతికియుండి పగుళ్ళగుండ, గాయములగుండ ఒంటిలోనికి ప్రవేశించును. సాధారణముగా వారము, రెండు వారములలో తీవ్రమైన జ్వరము, తలనొప్పి, పిక్కలలో భరింపరాని నొప్పి, కండ్లు ఎర్రబడుట కనిపించును. ముదిరినచో కామెర్లు, మూత్రపిండముల జబ్బు కలిగి ప్రాణము పోవచ్చును. మొదటనే గుర్తించినచో మామూలు యాంటీబయాటిక్ మందులతోనే కుదురును. కావున చేలో పనిచేసినవారికి జ్వరము వచ్చినపుడు వైద్యునితో "జ్వరము" అని మాత్రమే చెప్పక, "బురదలో పనిచేసితిని, చేతులు పగిలియున్నవి" అని కూడ చెప్పవలెను. ఎలుకబుట్టలు పెట్టించి, ఊరంతయు ఒక్కసారి ఎరలు పెట్టి ఎలుకలను నిర్మూలించినచో పంటతోబాటు మనిషికి కూడ మేలు కలుగుట ఇందువలననే.

రెండవది పురుగుమందులు, కలుపుమందులు. అతుకుపడియున్న చర్మము ఈ విషములను కొంతవరకైనను ఆపును; పగిలిన చర్మము ఆపలేదు. గట్లమీది గడ్డికి కొట్టు పారాక్వాట్ మందు పుండు పడిన చర్మముగుండ ఒంటికెక్కి మనుష్యులు మరణించిన ఉదంతములు వైద్యగ్రంథములలో గలవు. దానికి విరుగుడు లేదు. చేతులు పగిలిన మనిషిచేత మందు కలిపించుటగాని, కొట్టించుటగాని ఎంతమాత్రము చేయరాదు. చేతితొడుగు యున్నది గదా యని కొందరు గుడ్డతొడుగులు ఇచ్చుట కద్దు. గుడ్డ మందును పీల్చి చేతికే అంటిపెట్టుకొనియుండును. వట్టిచేయియైనచో వెంటనే కడుగుకొనుటకైనను వీలుండును. మందుల పనికి నైట్రైలు రబ్బరు తొడుగులే వాడవలెను. తొడుగులు తీయకమునుపే వానిని సబ్బునీటితో కడిగి తరువాత తీయవలెను.

ఇక ధనుర్వాతము. రేగడి, పేడ కలిసిన చోట దీని భయము ఎప్పుడును గలదు. పది సంవత్సరములకొకసారి టీకా వేయించుకొనవలెనని మనలో ఎందరికి జ్ఞాపకమున్నది?

రాత్రిపూట చేయవలసినది

నిరుడు దాళ్వాలో ఒక గట్టున నిలిచి, పగుళ్ళు మానువరకు నీటిలో దిగవలదని నేను చెప్పగా, ఒక పెద్దామె నవ్వి, "చేతులు చూసుకుంటా కూకుంటే గుత్త ఊడుపు అవుద్దేటండి బాబూ? ముఠా అంతా నా కోసం ఆగుద్దేటి?" అనెను. ఆమె మాటలో న్యాయము గలదు. ఎకరమునకు ఇంతయని ఒప్పుకొని ముఠాగా ఊడ్చునపుడు ఒకరి చేయి ఆగినచో పదిమంది కూలి ఆగును. పని మానుమను సలహా చెప్పుట సులభము, పాటించుట కష్టము. కనుక పని సాగుచుండగనే, రాత్రి పడుకొనబోవునపుడు చేసికొనదగిన పద్ధతిని తెలిపెదను.

ఇంటిపని యంతయు ముగిసిన తరువాత గోరువెచ్చని నీటిలో చేతులు పది నిమిషములు ఉంచవలెను. నీరు వేడిగా నుండరాదు; వేడినీరు అపుడు హాయిగా నున్నను ఉన్న జిడ్డును కరిగించును. మట్టి పోవుటకు బట్టలసబ్బు వాడక సెనగపిండి రుద్ది కడుగవలెను. చీలికలలోని మట్టి నానిన తరువాత మెత్తని గుడ్డతో తీయవలెనే గాని సూదితోను, పిన్నీసుతోను గోకరాదు. తరువాత గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరకమునుపే, అనగా చేయి ఇంకను చెమ్మగా నుండగనే నూనె గాని లేపనము గాని దట్టముగా పూయవలెను. ఇందులో కిటుకు అంతయు ఇక్కడనే యున్నది. నూనె చర్మమునకు నీరు ఇవ్వదు. ఉన్న నీటిని పోనీయదు. ఎండిన చేతికి ఎంత నూనె రాసినను గుణము కనబడలేదని చెప్పువారు చాలవరకు ఆరిన చేతికి రాయుచున్నవారే. పూసిన పిదప పాత నూలు మేజోళ్ళు చేతులకు తొడిగికొని పడుకొనవలెను. మొదట ఒకటి రెండు రాత్రులు చికాకుగా నుండును. వారము రోజులు విడువక చేసినచో చాలవరకు చీలికలు పూడుకొనును.

ఏ నూనె మంచిదని అడుగుదురు. కొబ్బరినూనె మనకు అంబాజీపేట మొదలుకొని అంతటను దొరకును. గానుగ నూనె శ్రేష్ఠము. పరిమళద్రవ్యములు కలిపిన తలనూనెలు పగుళ్ళకు పనికిరావు, మంట పుట్టించును. సుమారు 24 డిగ్రీల వెచ్చదనము తగ్గినచో కొబ్బరినూనె పేరుకొనును గనుక దాళ్వా రోజులలో సీసాలో గడ్డకట్టి కనిపించును. అది చెడిపోయినట్లు కాదు. నువ్వులనూనె కూడ మంచిదే. ఆముదము చిక్కగా నుండి ఎక్కువసేపు నిలుచును. మడమలకు ఇది మిక్కిలి అనుకూలము. వేపనూనె కొందరి ఒంటికి పడదు. వాడదలచినచో కొబ్బరినూనెలో కొద్దిగా మాత్రమే కలుపవలెను, పసిపిల్లలకు అందకుండ దాచవలెను. నూరుమార్లు కడిగిన నేయి పగుళ్ళకు మంచిదని పెద్దలు చెప్పుదురు. నిజమే. కాని నేతిని నూరుమార్లు కడుగుటకు తీరిక గలవారి చేతులు సామాన్యముగా పగులవు!

తేనెమైనపు లేపనము

వట్టి నూనె తెల్లవారుసరికి గుడ్డకు పట్టిపోవును. మైనము కలిపినచో చర్మమును అంటిపెట్టుకొనియుండును. కొబ్బరినూనె గాని నువ్వులనూనె గాని 100 గ్రాములకు, తురిమిన తేనెమైనము 20 గ్రాములు చాలును. మైనమును నేరుగా పొయ్యిమీద పెట్టరాదు; అంటుకొనును. వెడల్పు గిన్నెలో నీరు కాచి, అందులో చిన్నగిన్నె నుంచి, నూనె, మైనము వేసి కదుపుచుండవలెను. మైనము 62 మొదలు 65 డిగ్రీల వద్ద కరుగును గనుక నీరు తెరలవలసిన అవసరము కూడ లేదు. కరిగిన దానిని పలుచని గుడ్డలో వడియగట్టి, నీటిచెమ్మ ఏమాత్రము లేని వెడల్పుమూతి సీసాలో పోసి చల్లారనీయవలెను. మరీ గట్టిపడినచో మరికొంచెము నూనె చేర్చి కరిగించుడు. కర్పూరము, సున్నము, మిరియములు మొదలగునవి ఏవియు కలుపరాదు. పగుళ్ళ మందునకు మంట యుండవలెనను నమ్మకము మనలో పాతుకొనిపోయినది, అది తప్పు. పసుపు చిటికెడు కలిపినను దోషములేదు, కలుపకున్నను కొరతలేదు.

తేనె తీయువారివద్ద మైనము దొరకనిచోట మందులషాపులో దొరకు తెల్లని పెట్రోలియం జెల్లీ కొనుడు. చవక, చెడిపోదు. ఇంటి లేపనమే దానికంటె గొప్పదని నేను చెప్పను. పాదముల మందమైన చర్మమునకు వైద్యులు యూరియా కలిసిన లేపనములు వ్రాయుట కూడ కద్దు. ఈ మాట విని బస్తాలోని యూరియాను నూనెలో కలుపుకొనువారుందురని నాకు భయము. అది పైరుకు తయారైన సరకు, చేతికి కాదు.

మిక్కిలి లోతైన చీలికకు నూనె పట్టించి, అంచులు రెండును దగ్గరకు చేర్చి, మందులషాపులో దొరకు అతుకుపట్టీతో బిగించి రాత్రి ఉంచినచో నొప్పి తగ్గి త్వరగా అతుకును. క్షణములో అంటుకొను జిగురును చీలికలో పోయుట నేడు కొన్నిచోట్ల చూచుచున్నాను. అది చెప్పులకు, బొమ్మలకు చేసిన జిగురు. పోయవలదు. అట్లే జిల్లేడుపాలు, నల్లజీడి, కిరసనాయిలు, నిమ్మచెక్క ఉప్పు – వీనిలో ఏదియు పగిలిన చేతిపై పెట్టరాదు. మొద్దుబారిన అంచులను బ్లేడుతో చెక్కుట మరింత ప్రమాదకరము.

గోరింటాకు విషయము ప్రత్యేకముగా చెప్పదగినది. ఆషాఢమాసమున ఆడవారు గోరింటాకు పెట్టుకొను ఆచారము సార్వా ఊడ్పుల వేళకు సరిగా వచ్చును. ఆకులోని రంగుద్రవ్యము చర్మపు పైపొరకు, గోళ్ళకు పట్టును. బూజుజాతి సూక్ష్మజీవులను కొంతవరకు అణచు గుణము దానికి గలదు. తడిపనికి పోవు చేతికి ముందుగా పెట్టుట మంచి ఆచారమే. కాని ఆకు తెచ్చి రుబ్బి పెట్టుకొనుటకును, నల్లరంగు వచ్చుటకై రసాయనము కలిపి గొట్టములలో అమ్ము సరకునకును పోలికలేదు. ఆ రసాయనము కొందరికి బొబ్బలు లేపును. చీలికలు తెరచుకొనిన తరువాత ఏ గోరింటాకును వలదు.

చేలో రైతు చేయదగినది

ఈ భాగము కూలి చేయించుకొను రైతుకు చెప్పుచున్నాను. ఊడ్పులవేళ గట్టున ఒక బిందె శుభ్రమైన నీరు, పొడిగుడ్డ, చిన్న కొబ్బరినూనె సీసా పెట్టించుడు. పనిలో దిగబోవు ముందు చేతులకు, పాదములకు నూనె పట్టించినచో నీరు చర్మములోనికి అంతగా నానదు. మధ్యాహ్నము అన్నమునకు గట్టెక్కినపుడు కడిగి తుడిచి మరల రాసికొనవలెను. సీసాడు నూనెకు ఎంత ఖర్చగునో, ఊడ్పు ఒకదినము వెనుకబడినచో ఎంత నష్టమగునో మీరే లెక్కవేసికొనుడు. వ్రేళ్ళకు గుడ్డపేలికలు చుట్టుకొను అలవాటు మాన్పించుడు. తడిసిన పేలిక చర్మమును మరింత నాన్చును.

ఎరువు చల్లునపుడు పొడి రబ్బరు తొడుగులు వేసికొనవలెను. చెరువులకు పొడిసున్నము చల్లువారికి సున్నము పడినచో మొదట పొడిగానే దులిపి, తరువాత విస్తారమైన నీటితో కడుగవలెను. కొద్దినీరు పోసినచో అది మరింత కాగి కాల్చును. గట్లమీది వయ్యారిభామను వట్టిచేతులతో పీకరాదు. అది పడని వారికి చేతులు, మెడ, కనురెప్పలు చిట్లి దురదపెట్టును; దానిని పగుళ్ళనుకొని నూనె రాసినచో లాభముండదు.

ఎపుడు వైద్యుని చూడవలెను?

నొప్పిగల పగులుకంటె నొప్పిలేని పగులు భయంకరమైనది. చేయి చీలి నెత్తురు వచ్చుచున్నను తెలియకున్నచో, వేడిగిన్నె పట్టుకొన్నను కాలినట్లు తెలియకున్నచో, అది చలిగాలి పని కాదు. మధుమేహము కావచ్చును, కుష్ఠు కావచ్చును. కుష్ఠునకు ప్రభుత్వ వైద్యశాలలలో మందులు ఉచితముగా ఇచ్చెదరు. వేళకు వాడినచో పూర్తిగా నయమగును, వ్రేళ్ళు వంకరపోవు. ఈ మాట బయటకు చెప్పుటకు జంకువారు ఇప్పటికిని గలరు. గ్రామ సచివాలయ ఉద్యోగులు, ఆశా కార్యకర్తలు అట్టివారిని నలుగురిలో అడుగక ఇంటికిపోయి మెల్లగా విచారించుట మంచిది.

చీలిక చుట్టు ఎర్రబడి, వాచి, చీముపట్టినను, చేతిమీదుగా ఎర్రని గీత పైకి ప్రాకినను, జ్వరము వచ్చినను ఆ రోజే ఆసుపత్రికి పోవలెను. రెండు వారములు విడువక లేపనము రాసినను మానకున్నచో, ఒక చేతికే యుండి గుండ్రముగా పొలుసులు లేచుచున్నచో, అది తామరయో సోరియాసిసో అయియుండును. ఇట్టివారు మందులషాపులో అడిగి నాలుగు మందులు కలిపిన గొట్టము తెచ్చుకొనుట నేడు సర్వసాధారణమైనది. వానిలోని స్టిరాయిడు మందు నాలుగు దినములు దురదను అణచి, తామరను లోలోపల పెంచి, తరువాత ఏ మందునకు లొంగనీయదు. వైద్యుడు వ్రాసినది తప్ప వాడకుడు.

దాళ్వా ఆకుమడి పోయునపుడే మైనము, నూనె సమకూర్చుకొనుడు. పైన చెప్పిన కొలతలో చేసిన సీసా, ఒక్కరు రాత్రిపూట రెండు చేతులకు వాడుకొన్నచో ఊడ్పులు ముగియువరకు వచ్చును. తడిచేయి సీసాలో పెట్టక పొడి చెంచాతో తీసికొనుచు, పొయ్యికి దూరముగా నీడను ఉంచినచో కొన్ని నెలలు చెడకుండును. కారు వాసన వేసినచో పారబోసి మరల కాచుకొనుడు.